పేరు చెప్పని బియ్యం

కత్తెర కనపడలేదు. గీతాంజలి బ్లేడు అందుకుంది.

"కదలకు."

"అమ్మా, కాలు కోస్తవేమో."

"కదిల్తేనే కోస్తది. ఊకో."

నందిని మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది. మోకాలి పైనుంచి పిక్క దాకా తెల్లగుడ్డ చుట్టి ఉంది. పసుపూ కోడిగుడ్డు సొనా కలిసిన పచ్చివాసన గదంతా నిండింది. పొద్దున రేపటి సూదికి పేరు రాయించడానికి దవాఖానకు పోతూ గీతాంజలి ఇంటిల్లిపాదికీ ఒకటే మాట చెప్పి పోయింది. ఈ కాలును ఎవరూ ముట్టొద్దు, పిసకొద్దు, కట్టొద్దు. రేపు సూదితో లోపలి ముక్క తీసి చూస్తారు. అప్పటిదాకా పిల్లను గడప దాటనీయొద్దు. ఆమె తిరిగొచ్చేసరికి మామ దుర్గయ్య మనవరాలిని ఆటోలో ఎక్కించుకుపోయి, ఎముకలు కట్టే పహిల్వాన్ చేత కట్టు కట్టించి, ఏమీ ఎరగనట్టు తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు.

ఇప్పుడు గడప దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో ఖాళీ పాలక్యాను. లోపలికి రాడు, బర్రెల కొట్టంలోకి పోడు.

"అడుగుతున్న మామా. ఎందుకు తీస్కపోయినవ్?"

"బొక్క జరిగింది. బొక్క జరిగితే పహిల్వాన్ కాడికి గాకుంట ఏడికి వోతరు? ఈ పాతబస్తిల ఎవ్వలనన్న అడుగు."

"బొక్క జరగలే. బొక్కల గడ్డ అది. డాక్టర్ ఫోటో పెట్టి చూపిచ్చిండు గదా."

"స్కూటీ మీదికెళ్ళి పడ్డది. పడ్డంకనే వాచింది. నా కండ్లార జూసిన."

"పడ్డందుకు రాలే. లోపట ముందుగాలనే ఉన్నది. పడ్డందుకు బయటవడ్డది. గీ మాట డాక్టర్ నీ ముందలనే చెప్పిండు."

"డాక్టర్లకేంది, చెప్తరు. నా ఇంట్ల బొక్కలకు రోగమా? పుట్టినకాడికెళ్ళి బర్రెపాలు తాగిన బొక్కలు. ఈ జహనుమా బస్తిల నా పాలు తాగిన పోరగాళ్ళు గోడలు దుంకుతున్నరు."

"పాలతోటి గాదు తాతా," అంది నందిని నెమ్మదిగా. "బొక్కలు జల్ది జల్ది పెరిగే వయసులనే వస్తదట. నేను ఒక్కపారే పొడుగైన గదా."

రెండేళ్ళ కింద ఆమె తల్లి భుజం దాకా ఉండేది. ఇప్పుడు తల్లే ఆమె భుజం దాకా వస్తుంది. బడిలో వాలీబాల్ టీచరు చూసి మురిసిపోయేది. ఇంట్లోనూ మురిశారు. ఆ మురిపెం గుర్తొచ్చి ఇప్పుడు ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

బ్లేడు అంచు దిగగానే గుడ్డ దానంతటదే జారింది. గీతాంజలి ఆగింది. పహిల్వాన్ కట్టంటే వెదురుబద్దలు పెట్టి, నరాలు బిగిసేలా లాగి కట్టాలి. ఇది పండక్కి బిందె మెడకు చుట్టినంత వదులుగా ఉంది. కింద చర్మం మీద ఒక్క నొక్కు లేదు. వాపు మాత్రం అలాగే ఉంది, నున్నగా, మెరుస్తూ.

"ముట్టనే లేదమ్మా పహిల్వాన్ తాత," అంది నందిని. "జూసిండు. చెయ్యి దగ్గరదాంక తెచ్చి వాపస్ తీసుకున్నడు. 'యే మేరా కామ్ నై, డాక్టర్ కనే లేకే జావ్' అన్నడు. గిది తనతోటి గాదట, డాక్టర్ కాడికే తీస్కపొమ్మన్నడు."

"మరి ఈ గుడ్డేంది?"

"తాత దండం పెట్టిండు. ఊకె గుడ్డన్న చుట్టు అన్నడు."

గీతాంజలి తలెత్తి మామను చూసింది. ముప్పై బర్రెల కొట్టం నడిపిన మనిషి. సదర్ పండగలో దున్నపోతు ముందు మీసం తిప్పి నడిచే మనిషి. ఈ మనిషి ఒకరికి దండం పెట్టడం ఆమె చూడలేదు.

"ఎందుకు మామా?"

నందినే చెప్పింది. "సూది పెట్టకుంట జూడమన్నడమ్మా. సూది పెడితే పోతది, సూది పెడితే పోతది అనుకుంట ఏడ్చిండు. అందరు జూసిండ్రు. నాకు సిగ్గయింది."

"ఎవలు పోతరు? ఎవలు పోయిండ్రు మామా సూది పెడితే?"

పాలక్యాను గడపకు తగిలి ఖంగుమంది. దుర్గయ్య కొట్టం వైపు వెళ్ళిపోయాడు.

*

డాక్టర్ అమరనాథ్ నిన్న అడిగిన ప్రశ్న గీతాంజలి చెవిలో ఇంకా అలాగే ఉంది.

ఆయన నందిని ముఖం చూశాడు ముందు. ఎడమ కన్ను పెట్టుడు కన్నని కనిపెట్టడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. ఎప్పుడు తీశారన్నాడు. పాలు తాగే వయసులో అంది గీతాంజలి. కంట్లో గడ్డ అన్నారని, తీయకపోతే ప్రాణానికే మోసం అన్నారని చెప్పింది. ఆయన కలం కింద పెట్టాడు.

"అమ్మా, కొందరు పిల్లలకు ఆ గడ్డ కంటితోనే పోతుంది. కొందరికి అది వంశంలోంచి వస్తుంది. అట్లా వచ్చినవాళ్ళకు కన్ను తీసినా లోపలి గుణం పోదు. పెద్దయ్యేటప్పుడు ఎముకల్లో రావచ్చు. అందరికీ రాదు. కానీ మిగతా పిల్లలకంటే వాళ్ళకు చాలా ఎక్కువ. అట్లాంటి వాళ్ళకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నా మేం వెనకాముందూ ఆలోచిస్తాం, అది కొత్త గడ్డకు దారి ఇస్తుంది. అందుకే అడుగుతున్నా. మీ ఇళ్ళల్లో ఎవరికైనా చిన్నప్పుడు కన్ను పోయిందా? ఎముక గడ్డతో ఎవరైనా పోయారా?"

ఆమె తన పుట్టిల్లు ఉప్పుగూడను మొత్తం వెతికి చూసుకుంది మనసులో. లేదంది.

"మీ ఆయన వైపు?"

"లేదు సార్. మామ చెప్పిండు, వాళ్ళల్ల ఎవ్వలకు లేదని."

"మళ్ళీ అడగండి. ఎల్లుండి సూదికి వచ్చేటప్పుడు ఖాయంగా తెలుసుకుని రండి," అన్నాడాయన. తెలియదనే మాటకు అలవాటు పడ్డ గొంతు.

ఇప్పుడు ఆ కట్టు గుడ్డను చుట్టచుట్టి పారేయబోతుంటే నందిని చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మున్నీ ఎవరు?"

"ఏ మున్నీ?"

"పొద్దుగాల నానమ్మ బియ్యమిచ్చింది గదా. అప్పుడు అన్నది."

ఆ రోజు పెత్రమాస. ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చెప్పి ఒక్కొక్కరికీ పళ్ళెంలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇచ్చే రోజు. గీతాంజలి ఈ ఇంటికి కోడలై వచ్చినప్పటినుంచీ చూస్తోంది. దుర్గయ్య తండ్రి పేరు చెప్పి ఒక పళ్ళెం, తల్లి పేరు చెప్పి ఒక పళ్ళెం. ఆఖరున ఇంకొకటి, చిన్నది. దానికి అత్త లలితమ్మ ఎవరి పేరూ చెప్పదు. అందులో కూరగాయల పక్కన ఒక ఎర్ర రిబ్బను చుట్ట, చిన్న గిన్నెలో మీగడ పెడుతుంది. ముసలి అయ్యగారు బసవయ్య ఆ పళ్ళాన్నీ అడగకుండానే తీసుకుని జోలెలో పోసుకునేవాడు. ఒకసారి గీతాంజలి అడిగితే "దిక్కులేనోళ్ళకు" అంది అత్త. దిక్కులేనివాళ్ళకు రిబ్బనెందుకని ఆమె అప్పుడు అడగలేదు.

ఈ ఏడు బసవయ్య మంచాన పడ్డాడు. కొడుకొచ్చాడు.

"ఆ అన్న మంచోడే కానీ జర సతాయించిండమ్మా," అంది నందిని. "మూడోది ఎవరి పేరున అన్నడు. నానమ్మ పళ్ళెం ముందలికి నూకింది. పేరు లేకుంటే చేరదమ్మా, మధ్యలనే తిరుగుతది అన్నడు. నానమ్మ చేతులకెళ్ళి బియ్యం కింద వడ్డయి. గప్పుడన్నది, మున్నీ అని. చిన్నగ. అని, నా దిక్కు జూసింది."

"ఎట్ల జూసింది?"

"నన్ను గాదు. నా వెనక ఎవరో ఉన్నట్టు."

*

పక్కింటి ఆగమ్మ తంగేడు పూల కట్టతో వచ్చింది. సాయంత్రం గల్లీలో ఎంగిలిపూల బతుకమ్మ. ఆమె పూలివ్వడానికి వచ్చిందో, పహిల్వాన్ దగ్గర జరిగింది వినడానికి వచ్చిందో ఆమెకే తెలియాలి.

"ఏమాయె గీతా, కట్టు గట్టిండట గదా పహిల్వాన్. ఇంక ఫికర్ లేదు. మా ఆయనకు చెయ్యి విరిగితే నెల దినాలల్లనే చపాతి పిండి పిసికిండు."

"కట్టు తీసేసిన అక్కా. బొక్క విరగలే."

"సెల్లుతోటి వస్తదే గిది. రాత్రిపూట సెల్లు కాళ్ళ మీద పెట్టుకొని జూస్తరు గదా పోరగాళ్ళు. అండ్లకెళ్ళి లోపటికి వోతది."

"ఏం వోతదక్కా?"

"ఏమో. వేడి." ఆగమ్మ మంచం మీద కూర్చుని నందిని జుట్టు సవరించింది. "పాపం, చిన్నప్పుడు ఆ పాడు కోడిపుంజు కన్ను పొడిచే. ఇప్పుడు కాలు. పిల్లకు ఎవరి దిష్టో గట్టిగ తగిలింది."

గీతాంజలి పూలు తీసుకుని తల దించుకుంది. కోడిపుంజు కథ దుర్గయ్య అల్లిందే. నందిని కన్ను తీయించుకుని వచ్చిన వారంలోనే గల్లీ నడిమధ్య పుంజును కోసి, నా మనవరాలి కన్ను పొడిచిన దాన్ని ఉంచుతానా అని అరిచాడు. జహనుమా అంతా నమ్మింది. పాపం ఆ పుంజు ఎవరినీ పొడిచిన పాపాన పోలేదు. అప్పుడు గీతాంజలి అది మంచి అబద్ధమే అనుకుంది. పిల్లను ఎవరూ రోగిష్టిదని అనకుండా తాత కాపాడాడని కూడా అనుకుంది.

ఇంత సులువుగా అబద్ధమాడే మనిషికి అది మొదటిది అయ్యుండదని ఇప్పుడు తోస్తోంది.

*

భర్త మహేందర్ అఫ్జల్‌గంజ్ హోటళ్ళకు పాలు పోసి వచ్చి బండి నిలబెట్టాడు. గీతాంజలి అతన్ని ఇంట్లోకి రానీయలేదు. కొట్టం గోడ దగ్గరే పట్టుకుంది.

"మున్నీ ఎవరు?"

అతని చేతిలో తాళంచెవులు ఉన్నాయి. వాటిని జేబులో పెట్టబోయి మళ్ళీ తీశాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"అంటే నీకు ఎరుకే."

"నాకేం ఎరుక లేదు గీతా. ఒట్టు." అతను గోడకు ఆనుకున్నాడు. "అది కల అనుకున్న."

"ఏం కల?"

"చిన్నప్పటిది. రైలు పట్టాల అవతల ఉండేటోళ్ళం గదా అప్పుడు. ఒక అక్క. ఒక కంటికి దస్తి కట్టుకొని ఉంటది. నన్ను ఒడిల కూసోవెట్టుకొని ఏలుతోటి మీగడ నాకిస్తది. లేసి నడిస్తే కట్టె చప్పుడైతది. టక్, టక్ అని. గోడ పట్టుకొని." అతను ఆగాడు. "అమ్మను అడిగిన ఒకసారి. ఆ అక్క ఏది అని. చెంప మీద కొట్టింది. గసొంటోళ్ళెవ్వలు లేరు, కలగన్నవ్ అన్నది. మల్ల అడగలే."

"ఇన్నేండ్లు?"

"కల గదా. కల గురించి ఎన్నిసార్లు అడుగుతం?"

కొట్టంలో ఒక బర్రె తల విదిలించింది. లోపల పిండి కలుపుతున్న దుర్గయ్య చెయ్యి ఆగినట్టు చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"నందిని ఈ వారం కెళ్ళి కట్టె పట్టుకొని నడుస్తుంది గదా," అన్నాడు మహేందర్, గొంతు తగ్గించి. "రాత్రి లేసి బాత్రూంకు వోతది. ఆ చప్పుడు వింటె నాకు చెమటలు వడుతున్నయి. అమ్మ చెవులల్ల దూది పెట్టుకుంటుంది. చూసినవా? నేను చూసిన."

"చూసి ఊకున్నవ్."

"ఏమని అడగాలె?"

"డాక్టర్ అడిగినప్పుడు గూడ ఊకున్నవ్. నీ పక్కనే నిలవడి నేను లేదు సార్, లేదు సార్ అంటుంటె."

మహేందర్ తాళంచెవుల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆమెకు అతన్ని కొట్టాలనిపించింది. అక్క వేలినుంచి మీగడ నాకిన ఆ పసివాణ్ణి ఎత్తుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

*

వంటింట్లో లలితమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒడిలో అనురాగ్, నందిని తమ్ముడు, ఇంకా నడక రాలేదు. పొద్దున కిందపడ్డ బియ్యంలో నాలుగు గింజలు ఊడ్వని నేల మీద ఇంకా మెరుస్తున్నాయి. వాటిని వాడు వేలితో అందుకోబోతున్నాడు.

గీతాంజలి ఎదురుగా కూర్చుంది. మహేందర్ తలుపు దగ్గర ఆగాడు.

"అత్తమ్మా, మున్నీ నీ బిడ్డనా?"

లలితమ్మ చంటివాడి వేలిని బియ్యం గింజ మీదినుంచి తీసింది.

"అత్తమ్మా."

"పెద్దపిల్ల," అంది లలితమ్మ. "మహేందర్ కంటె ముందు. వీనికి ఐదో ఏడు వడ్డప్పుడు పోయింది."

మహేందర్ తలుపు చెక్క పట్టుకున్నాడు.

"కన్ను?"

"చంటిగున్నప్పుడే పోయింది. కాలు పదారేండ్లప్పుడు వాచింది. నందిని లెక్కనే. గక్కడనే. మోకాలి మీద." ఆమె గొంతులో ఏడుపు లేదు. "మీ మామ రిక్షాల పహిల్వాన్ కాడికి తీస్కపోయిండు. అప్పటి పహిల్వాన్ వేరే. కట్టిండు. విప్పిండు, పిసికిండు, మల్ల కట్టిండు. ఎండకాలం అంత. వానలు వడ్డంక పిల్ల గుక్క వట్టి ఏడిస్తె పెద్దదవాఖానకు కొంచవోయినం. సూది పెట్టిండ్రు. కాలు తీస్తె బతుకుతదేమో అన్నరు. మీ మామ వద్దన్నడు, ఇంటికి తెచ్చిండు. దసర దాటలే."

"మామకు సూది ఒక్కటే యాదికున్నది," అంది గీతాంజలి.

"ఎండకాలం నాకు యాదికున్నది."

కొట్టం వైపు కిటికీ తెరిచే ఉంది. పిండి కలిపే చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. వింటున్నాడని అందరికీ తెలుసు. ఎవరూ గొంతు తగ్గించలేదు.

"ఎందుకు దాసిండ్రమ్మా?" అన్నాడు మహేందర్. "నాకన్న చెప్పకపోతిరి. నా అక్క."

"పాలు," అంది లలితమ్మ.

"ఏంది?"

"పాలు కొనుడు బంద్ జేసిండ్రు. ఆ ఇంటి పాలు తాగితె పిల్లలకు కండ్లు వోతయి, కాళ్ళు వోతయి అన్నరు. పొద్దుగాల పిండిన పాలు పొద్దుమీకి మోరిల పోసినం. బర్రెల పొదుగులు వాచి అవి ఏడుస్తున్నయి, మేం ఏడుస్తున్నం. ఇల్లు మార్చినం. ఈడికి వచ్చెటప్పుడు మీ బాపు నాతోటి తన తల మీద చెయ్యి వెట్టించుకున్నడు. ఆ పేరు ఈ ఇంట్ల తియ్యొద్దు అన్నడు. తియ్యలే. పొద్దుగాల దాంక తియ్యలే."

బయట గల్లీలో ఆడపిల్లలు చేరుతున్నారు. చప్పట్లు మొదలయ్యాయి, ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి.

"పాలతోటి రాలేదు అత్తమ్మా," అంది గీతాంజలి. "దిష్టితోటి రాలే, స్కూటీతోటి రాలే, సెల్లుతోటి రాలే. రక్తంల వచ్చింది. మున్నీకి వచ్చింది, ఈయనను ముట్టకుంట ఈయనల దాక్కొని నందినికి వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటె, నందిని కన్ను తీసిననాడే చెప్పి ఉంటె, ఏటేట చూపిచ్చుకుందుము. పిల్ల కాలు నొస్తుంది అన్ననాడే ఉరుకుదుము. రెండు నెలలు నేను నొప్పి గోలీలు ఇచ్చిన అత్తమ్మా. పెరిగే వయసు నొప్పులు అనుకొని నా చేతులతోటి ఇచ్చిన."

లలితమ్మ చంటివాణ్ణి ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"వీడు పుట్టినప్పుడు గూడ కండ్ల డాక్టర్ అడిగింది," అంది గీతాంజలి, కొడుకు వైపు చూపించి. "వంశంల ఉన్నదా అని. మామ అక్కడనే నిలవడి లేదన్నడు. ఒకసారి చూసిండ్రు, మంచిగున్నది అన్నరు, మల్ల తెమ్మన్నరు. వంశంల లేనిదానికి ఎందుకు తిరుగుడు అన్నడు మామ. నేను ఊకున్న."

అంటూ అంటూనే ఆమె ఆగింది. కళ్ళు చంటివాడి మీద నిలిచాయి.

"అత్తమ్మా. నందిని చంటిగున్నప్పుడు నువ్వు రోజు పొద్దుమీకి వత్తి దిష్టి తీసేదానివి."

లలితమ్మ చెయ్యి వాడి వీపు మీద ఆగింది.

"లైటు ఆర్పుమనేదానివి. నూనెల నాన్చిన వత్తి ముట్టిచ్చి, మొఖం కాడికి కొంచవోయి తిప్పేదానివి. పొగ పిల్లకు మంచిది కాదని నేను లొల్లి వెట్టుకుంటుంటి. ఒకనాడు తిప్పుకుంట తిప్పుకుంట లేసి నిలవడ్డవ్. పిల్లను కండ్ల దవాఖానకు తీస్కపో, ఇప్పుడే తీస్కపో అన్నవ్. డాక్టర్లే ఆశ్చర్యపోయిండ్రు, ఇంత జల్ది ఎట్ల కనుక్కున్నరని. మా అత్తకు అమ్మవారు చెప్పింది అని చెప్పిన నేను. ఉప్పుగూడంత చెప్పుకున్న."

"అమ్మవారు చెప్పలే," అంది లలితమ్మ. "మున్నీ చెప్పింది. దాని కంట్ల గట్లనే మెరిసేది. దీపం ముందల పిల్లి కన్ను లెక్క, తెల్లగ. నేను బిడ్డ కన్ను ముద్దుగ మెరుస్తుంది అని మురిసేదాన్ని."

"అంటే దిష్టి గాదు. చూస్తుంటివి."

"చూస్తుంటి."

"వీనికి గూడ చూస్తున్నవ్. పుట్టినకాడికెళ్ళి రోజు."

లలితమ్మ వాడి ముఖాన్ని తన కొంగు చాటుకు తిప్పుకుంది.

"పోయిన వారం కెళ్ళి తీస్తలేవు. ఎందుకు?"

"నూనె ఒడిసింది."

"నూనె డబ్బ నిండుగున్నది."

"చేతులు గుంజుతున్నయి బిడ్డా."

"అత్తమ్మా."

"ఈ ఇంట్ల ఒక్కపిల్లది చాలదా?" అంది లలితమ్మ ఒక్కసారిగా, గొంతు పెంచి. "ముందు ఆ పిల్ల కాలు సంగతి చూడుండ్రి. రేపు దాన్ని తీస్కపోండ్రి. వీణ్ణి నా ఒళ్ళ ఉండనియ్యి."

గీతాంజలి లేచింది. దేవుడి గూటి పక్కనున్న పాతచీర పేలికను చింపి వత్తి పేనింది. నూనెలో ముంచింది, కింద నీళ్ళ పళ్ళెం పెట్టింది. ముడి సరిగ్గానే పడింది. చంటివాణ్ణి అత్త ఒడిలోంచి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది.

"లైటు ఆర్పు," అంది మహేందర్‌తో.

"గీతా, రేపు డాక్టరే చూస్తడు గదా—"

"ఆర్పు."

అతను మీట నొక్కాడు. అమావాస్య చీకటి కిటికీలోంచి లోపలికి వచ్చినట్టయింది. అగ్గిపుల్ల గీసింది ఆమె. వత్తి అంటుకుని చిటపటమంది. కట్టె సాయంతో నందిని ఎప్పుడొచ్చిందో తలుపు పక్కన, తండ్రి వెనక నిలబడి ఉంది. కొట్టం వైపు తలుపులో దుర్గయ్య నీడ.

"నువ్వే చూడు అత్తమ్మా. నాకు చూసుడు రాదు. నీకే వచ్చు."

లలితమ్మ వత్తి అందుకోలేదు. గీతాంజలి ఆమె వేళ్ళు విప్పి, కొస పట్టించి, మళ్ళీ మూసింది.

"నానమ్మా," అంది నందిని తలుపు దగ్గరినుంచి. "చూడు నానమ్మా. నాది జల్ది చూసినవు గాబట్టే నేనున్న."

ముసలి చెయ్యి కదిలింది. మంట చంటివాడి ముఖం ముందు ఒకసారి తిరిగింది. వాడు నవ్వాడు. మంట వెంట తల తిప్పాడు. నూనె చుక్కలు కింద పళ్ళెంలోని నీళ్ళలో పడి సుయ్ సుయ్ మన్నాయి. లలితమ్మ ముందుకు వంగింది. ఇంకా వంగింది. వాడి కుడికంట్లోకి ఒకసారి చూసింది. ఎడమవైపు చూసింది. ఎడమవైపు మళ్ళీ చూసింది.

దిష్టి వత్తిని ఎవరూ ఊదరు. గోడకు వేలాడదీస్తే దానంతటదే కాలి ఆరిపోవాలి. లలితమ్మ ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా అట్లాగే చేసింది.

ఆమె నోటితో ఊదేసింది.

కాలిన గుడ్డ వాసన. బయట చప్పట్లు.

"అమ్మా," అన్నాడు మహేందర్. "ఏం కనవడ్డది?"

చంటివాడు మంట ఏదని వెతుక్కుంటూ చేతులు ఆడించాడు. మహేందర్ మీట కోసం గోడ తడుముతున్నాడు. దొరకడం లేదు.

అప్పుడు కట్టె చప్పుడైంది. టక్. ఆగింది. టక్. గోడ పట్టుకుని ఎవరో మీట వైపు నడుస్తున్నారు, చీకట్లో, ఒక కాలి మీద.

"మున్నీ," అన్నాడు దుర్గయ్య తలుపులోంచి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ నోట రాని పేరు. "పైలం బిడ్డా. పడ్తవ్."

ఎవరూ ఆ పేరును సరిదిద్దలేదు. కట్టె ఇంకో అడుగు వేసింది. మీట టప్పుమంది.

వెలుగొచ్చింది. దుర్గయ్య గుమ్మంలోనే కూలబడి ఉన్నాడు. అందరూ మీట దగ్గర నిలబడ్డ నందిని వైపు తిరిగారు.

లలితమ్మ ఒక్కతే తిరగలేదు. ఆమె చూపు ఇంకా చంటివాడి ముఖం మీదే ఉంది, ఎడమవైపు.